ఒక్కరికే కోటా

యతిరాజులు మొదట చూసింది వరదరాజులు కూలిన చోటును కాదు. తలుపు పైన గోడకు బిగించిన సైరను వైపు పోయే తీగను. తీగ తెగలేదు. ఎవరో మర విప్పి, తీగ కొనను బయటికి లాగి, మళ్ళీ ఆ మరను పద్ధతిగా బిగించి పోయారు. పక్కవాడి గట్టును రాత్రికి రాత్రే జరిపేవాడు గడ్డి దుబ్బుల్ని కూడా తిరిగి నాటి పోతాడే, ఆ తరహా ఓపిక.

"చూసినాంలే నాయుడూ," అన్నాడు వెనకనుంచి ఇన్‌స్పెక్టర్ దొరస్వామి. "నువ్వొచ్చి చూపించేదాకా మేము కళ్ళు మూసుకోని కూచోలా."

"మరి ఎవరు లాగినారు?"

"ఆ ఆపరేటరు పిల్లే. స్క్రూడ్రైవరు మొగోళ్ళ చేతికే ఆనుతుందా ఏంది?"

ఇద్దరూ ఒకప్పుడు ఒకే స్టేషన్లో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసినవాళ్ళే. యతిరాజులు ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఎదురుపడిన ప్రతిచోటా ఒకరినొకరు గీరుకోకుండా విడిపోయింది లేదు.

పురసవాక్కంలో ఒక పాత మేడ మీద నడిచే ఆఫీసు అది. కింద జవుళి అంగడి. పైన చుట్టుపక్కల వ్యాపారుల సరుకు వివరాలు కంప్యూటరులో ఎక్కించి పెట్టే పని. హాల్లో నాలుగు బల్లల మీద నాలుగు తెరలు, వాటన్నిటికీ ప్రాణంలాంటి పెద్ద యంత్రం అద్దాలు లేని ఈ చల్లటి గదిలో. ఆ యంత్రానికి వైద్యుడూ మంత్రసానీ అన్నీ వరదరాజులే.

నిన్న, శుక్రవారం, పదకొండు దాటిన కాసేపటికి ఈ గదిలోకి నిప్పు ఆర్పే గ్యాసు దూకింది. సిలిండర్లు వెనక వరండాలో ఉన్నాయి, వాటికి ఒక పిడి. పిడి లాగితే ముందు సైరను మోగి, లోపలివాళ్ళు బయటికి పరుగెత్తాలని దాన్ని అమర్చినవాళ్ళ ఉద్దేశం. లాగిన క్షణమే కరెంటు కూడా పోతుంది. నిన్న కరెంటు పోయింది, గ్యాసు వచ్చింది, సైరను మాత్రం నోరు విప్పలేదు. మంటకు గాలి అందకుండా చేసే గ్యాసు మనిషికి మాత్రం ఎందుకు అందనిస్తుంది? వరదరాజులు కుర్చీలోంచి లేచి రెండడుగులు వేసినట్టున్నాడు. తలుపు దాకా రాలేదు.

గోడమీద కరెంటు గడియారం నిన్నటి పదకొండు గంటల పదకొండు నిమిషాల దగ్గరే ఆగివుంది. దాన్ని మళ్ళీ తిప్పాలని ఎవరికీ తోచలేదు.

యతిరాజులు వెనక వరండాలోకి పోయాడు. పిడికి అడ్డంగా ఉండాల్సిన సీల పిట్టగోడ మీద పడుకోబెట్టి ఉంది. అక్కణ్ణుంచి ఇనుప మెట్లు కింది సందులోకి దిగుతాయి. ఎవరైనా ఎక్కి రావచ్చు. వరండా నుంచి యంత్రాల గదిలోకి కిటికీ లేదు. లోపల ఎవరున్నారో కనబడదు. కానిస్టేబులు చేత తలుపు ఒకసారి తీయించి మూయించాడు. బరువైన తలుపు దబ్బుమన్న చప్పుడు గోడ దాటి స్పష్టంగా వినిపించింది.

"ఆ పిల్ల కూచున్న బల్ల నుంచి ఈడికి రావాలంటే ఎట్లా రావాల?" అని అడిగాడు.

"హాలు దాటి, ఓనరు గది పక్కగా, గోడౌను చుట్టి. నడిపించి చూసినాం. దగ్గరేం కాదు, దూరమేం కాదు," అన్నాడు దొరస్వామి. "హాల్లో ఆ టైములో ఉన్నది ఆ పిల్ల ఒక్కతే. ఇంకొక పిల్ల గుడికి పోయింది. ఓనరు కింద జవుళి అంగట్లో కాఫీ తాగతా ఉన్నాడు. పన్నెండుకు కోర్టులో నిలబెడతా. నీకు అంతసేపే టైము. అదీ పాత స్నేహానికి."

అంతసేపే. నిన్న సాయంత్రం పెరంబూరు రైలు వర్క్‌షాపు నుంచి నూనె మరకల చొక్కాతోనే వచ్చి యతిరాజులు గడపలో కూలబడ్డ సవరిముత్తు కూడా అదే అన్నాడు. "కోర్టుకు పోకముందే చూడండి సార్. లోపలికి పోయినాక నా బిడ్డ గురించి మాట్లాడేవాళ్ళుండరు." ఇంకేమీ అడగలేదు. తల్లి లేని కూతుర్ని ఒక్కడే పెంచిన మనిషి.

* * *

ఆ కూతురు ఆరోగ్యమేరి హాల్లో బల్లమీద ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళ మధ్య ముడుచుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్ళుంటాయి. స్టేషన్లో గడిపిన రాత్రి ముఖంలో మిగిలే ఉంది.

ఎదురుగా కుర్చీలో యజమాని బాలసుందరం. తాతల నాటినుంచి టోకు వ్యాపారం చేసిన కుటుంబం. నుదుట సన్నటి బొట్టు, ఒంటిమీద నలిగిన తెల్లచొక్కా. కళ్ళు వాచాయి, ముక్కు ఎర్రబడింది. వరదరాజులు ఆయనతో పాటు బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. ఆ ఏడుపులో నటన లేదని యతిరాజులుకు చూడగానే తెలిసింది. ఊళ్ళో చావుల దగ్గర పెరిగినవాడికి దొంగ ఏడుపు పసిగట్టడం పెద్ద విద్య కాదు.

"భయపడబాకమ్మా. నిన్న జరిగింది మొదట్నుంచి చెప్పు," అన్నాడు.

"మందుల గోడౌను స్టాకు టైపు చేస్తా ఉన్న్యా సార్." తల్లివైపు తెలుగు, తండ్రివైపు తమిళం, రెండూ కలిసిన యాస. "పదకొండు దాకా సేవ్ బాగానే అయింది, పదకొండు కొట్టినాక సేవ్ కొడితే మిషను తీసుకోలా. నీ కోటా అయిపోయింది అని వచ్చింది. నాకు కోటా యాడిది సార్? ఈ ఆఫీసులో ఎవురికీ లేదు."

"విన్నావా?" అన్నాడు దొరస్వామి. "ఇదే కథ రాత్రంతా. మిషను వచ్చినప్పట్నుంచి ఈడ కోటా పెట్టిందే లేదని ఓనరు చెప్పినాడు. నిన్న సాయంత్రం కంపెనీ ఇంజనీరు వచ్చి మిషను లేపి చూసినాడు. కోటా ఆఫ్‌లో ఉంది. లేని కోటా ఈ పిల్లకు మాత్రం యాడ అడ్డమొచ్చింది?"

"ఉండు దొరా. నాకు తెలిసింది రేషన్ కోటా ఒకటే. ఈ కోటా ఏందో ముందు తెలియాల గదా."

మేరి ముక్కు తుడుచుకుంది. "అదే మాదిరి సార్. మిషన్లో డిస్కు అని ఒకటుంది. అందురి పనీ దాంట్లోనే దాచేది. ఒక్కరే అంతా ఆక్రమించుకోకుండా పేరుకింత జాగా అని రాసిపెట్టొచ్చు. రేషన్ కార్డులో ఇంటికింత బియ్యం అని రాసినట్టు."

"సరే. ఆన్, ఆఫ్ ఏంది?"

"కార్డులో అంకె ఉంటుంది సార్. అంగడాయన కార్డు చూడకుండా ఎంత అడిగితే అంత పోసేస్తా ఉంటే అది ఆఫ్. కార్డు చూసి, అంకె దాటితే సంచి వెనక్కు తోసేస్తే అది ఆన్."

బల్లకు ఆ చివర నిలబడ్డ ఆడ కానిస్టేబులు కూడా తలూపింది. రేషన్ అంగడి ముందు నిలబడని మనిషి ఆ హాల్లో లేరు.

"ఆన్ చేసేది ఎవరు?"

"మాస్టర్ పేరుతో పోవాల సార్. అది లోపలి గదిలోనుంచే అవుతుంది."

"మాస్టర్ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు?"

మేరి బాలసుందరం వైపు చూసి తల దించుకుంది. "అందరికీ సార్. ఓనర్ సార్ ఇంటి దేవుడి పేరు."

"మరిచిపోకుండా ఉంటుందని పెట్టినాం సార్," అన్నాడు బాలసుందరం బొంగురుగా. "ఇట్లా అవుతుందని ఎవరనుకున్నారు?"

"శానా బాగుంది," అన్నాడు యతిరాజులు. "ఇనప్పెట్టెకు తాళం వేసి, తాళంచెవి వీధి గుమ్మానికి తగిలించినారు. అమ్మా, కోటా ఆన్ చేసినవాడు సరిగ్గా ఆ టైముకు లోపల కూచోని ఉండాల్నా?"

"అక్కర్లేదు సార్. పలానా టైముకు ఈ పని చెయ్యి అని ముందే చెప్పి పెట్టొచ్చు. అలారం మాదిరి."

"ఎన్నాళ్ళు ముందైనా?"

"ఆమా సార్."

యతిరాజులు దొరస్వామి వైపు చూశాడు. దొరస్వామి కిటికీ వైపు చూశాడు.

"మిషను వెనక్కు తోసింది. తర్వాత?"

"వరదరాజులు సారుకు చెప్పినా. ఆయన టేబులు ఆ మూల. లోపలికి పోయి ఆఫ్ చెయ్యాల గదా, నేను పోతా సార్ అన్నా. వద్దన్నాడు. ఈస్టర్ ముందు శుక్రవారాలు నేను ఏమీ తినను సార్. 'ఉపవాసం పిల్లవు, ఆ చలిగదిలో కళ్ళు తిరిగి పడతావు, కూచో' అని ఆయనే లేచినాడు. లోపలికి పోయినాక కొంచెంసేపటికి సేవ్ కొడితే తీసుకుంది. సరే, సారు చేసేసినాడు అనుకోని మళ్ళా టైపు చేస్తా ఉన్న్యా. అప్పుడు పోయింది కరెంటు. ఆయన బయటికి వస్తాడు వస్తాడు అని చూస్తా ఉన్న్యా సార్. నేనే పోయి తలుపు తీసినా..."

 బాలసుందరం కండువాతో ముఖం కప్పుకున్నాడు.

* * *

"ఆ పిల్ల పేరుతో మిషను తెరిపించు," అన్నాడు యతిరాజులు.

"కుదరదు. సాక్ష్యం చెరిపేస్తుంది."

"ఆమెను ముట్టనియ్యబాక. ఇంకో పిల్ల ఉంది గదా, ఆమెను కూచోబెట్టు. నువ్వు పక్కనే నిలబడు. చెరిపితే చెయ్యి పట్టుకో."

"నాకు పని నేర్పొద్దు నాయుడూ."

"నేర్పేవాణ్ణైతే పన్నెండేళ్ళ కిందటే నేర్పి ఉందును."

దొరస్వామి పళ్ళు కొరికాడు గానీ కోకిలను పిలిచాడు. కోకిల ఈ ఆఫీసులో రెండో ఆపరేటరు. జడలో నిన్నటి పూలు ఇంకా అట్లే ఉన్నాయి. తీసేయాలన్న ధ్యాస లేనట్టుంది. మేరి చెబుతూంటే ఆమె తెరముందు కూర్చుని మీటలు నొక్కింది. బాలసుందరం కాసేపు వెనక నిలబడి చూసి, కళ్ళు కడుక్కొస్తానని తన గదిలోకి పోయాడు.

తెరమీద రెండు వరుసల ఇంగ్లీషు వచ్చింది.

"ఏమంటుంది?"

"మిషను నిన్న మధ్యలో పడిపోయింది, అప్పుడు నీ చేతిలో ఉన్న పని ఒక కాపీ దాచినాను, కావాలంటే చూసుకో అంటోంది సార్," అంది కోకిల. "మేరి స్టేషన్లో ఉంది గదా, ఎవరూ చూడలా."

"మీ ఇంజనీరు చూడలేదా దొరా?"

"ఆయన సేవ్ అయిన ఫైలు చూసినాడు."

"తెరువమ్మా."

మందుల పేర్లు ఒకదాని కింద ఒకటి జారుతూ పోయాయి. చివరి వరుస పారాసెట్ దగ్గర ఆగిపోయింది. ఆ మాట పూర్తికాలేదు.

 సగంలో ఆగిన ఆ మాటను చూస్తే యతిరాజులుకు దుక్కి మధ్యలో ఆగిన ఎడ్లు గుర్తుకొచ్చాయి. చాలు సగంలో ఆగిందంటే ఆ క్షణాన రైతు చేతిలో మేడి ఉందనే అర్థం.

"పిడి లాగితే కరెంటు పోతుంది. కరెంటు పోయినప్పుడు ఈ పిల్ల వేళ్ళు ఈ మాట మీదున్నాయి. వరండాలో పిడి మీద ఉన్న చెయ్యి ఎవరిది దొరా?"

"ఉండు ఉండు." దొరస్వామి అంత సులభంగా పడే మనిషి కాదు. "తెలివైన పిల్ల. సగం మాట కావాలనే వదిలేసి, లేచి పోయి పిడి లాగుండొచ్చు. ఎప్పుడు వదిలిందో ఎవడు చూసినాడు?"

మంచి ప్రశ్న. యతిరాజులు లోలోపల మెచ్చుకున్నాడు కూడా.

"కోటా నడిచినంతసేపూ మిషను ఎవరెంత వాడుకున్నారో పట్టీ రాస్తుందా అమ్మా?"

"రాస్తుంది సార్," అంది మేరి. ఆమె కంటిలో మొదటిసారి కొంచెం వెలుతురు. "ఆఫ్ చేస్తే రాసేది ఆపేస్తుంది. కానీ అంతవరకు రాసింది అట్లే ఉండిపోతుంది. చివరిగా ఎప్పుడు రాసిందో టైము కూడా ఉంటుంది!"

"తియ్యి."

కోకిల తీసింది. నిన్నటి తేదీ. పదకొండూ ఎనిమిది.

"లేని కోటా నిన్న పదకొండూ ఎనిమిది దాకా ఉన్నట్టుంది ఇన్‌స్పెక్టరు గారూ," అన్నాడు యతిరాజులు. "వరదరాజులు ఆపింది అప్పుడు. లోపలి గడియారం చచ్చింది పదకొండూ పదకొండుకు. మధ్యన మూడు నిమిషాలు. ఈ పిల్ల ఆఖరి సేవ్‌ను మిషను తీసుకుంది కోటా ఆగినాకే, దాని తర్వాత సేవ్ కాకుండా ఈ కాపీలో మిగిలిందంతా ఆ మూడు నిమిషాల్లో టైపు చేసిందే. ఆ సేవ్ ఇంకా ముందు కొట్టుంటే మిషను వెనక్కు తోసుండేది. అది ఎంతుంది కోకిలా?"

కోకిల లెక్క చూసుకుంది. "ఒక తెర నిండుగా ఉంది సార్. పైన ఇంకొంచెం."

"నువ్వైతే ఎంతసేపు పట్టేది?"

"నాకైతే అయిదారు నిమిషాలు. మేరి చెయ్యి స్పీడు. అయినా మూడు నిమిషాలు తల ఎత్తకుండా కొట్టాల్సిందే."

"తల ఎత్తకుండా మూడు నిమిషాలు. హాలు దాటి, ఓనరు గది పక్కగా, గోడౌను చుట్టి ఎప్పుడు పోయింది? ఎప్పుడొచ్చింది?"

 దొరస్వామి టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత వంగి తెరమీద వేలుపెట్టాడు. పోలీసు కన్ను పోలీసు కన్నే.

"ఇదేంది? అందరి పేర్ల ఎదురుగా సున్నాలున్నాయి?"

"సున్నా అంటే అంకె లేదని సార్. ఎంతైనా వాడుకోవచ్చు," అంది మేరి.

"నీ పేరు కాడ మాత్రం అంకె ఉందే?"

మేరి ముందుకు వంగి చూసింది. చూసి అలాగే ఉండిపోయింది. "ఇది నేను పెట్టలా సార్. ఇంత తక్కువ ఎవరు పెడతారు? మొన్నటి పనికే నిండిపోయుంటుంది."

"అట్లా చెప్పు!" దొరస్వామి నిటారుగా లేచాడు. కేసు చేజారినా ఇంకోటి చేతికందిన ఉత్సాహం. "ఈ ఒక్క పిల్లకే అంకె పెట్టి, నిన్న పదకొండుకు కోటా ఆన్ అయ్యేట్టు చేసినాడు. ఈ పిల్ల కేకేస్తుంది, వరదరాజులు లోపలికి పోతాడు, తలుపు మూసుకుంటుంది. వరండాలో ఉన్నవాడు చప్పుడు వింటాడు, పిడి లాగతాడు. ఈ పిల్ల ఎర. అంతే గదా నాయుడూ?"

"అంతే," అన్నాడు యతిరాజులు. తను చెప్పాలనుకున్న మాటే దొరస్వామి చెప్పేశాడన్న చిన్న కడుపుమంట తప్ప ఇంకేమీ తోచలేదు అతనికి.

కానిస్టేబుళ్ళు మేరి పక్కనుంచి లేచారు. "కోర్టు లేదు పోమ్మా. ఊరు మాత్రం దాటబాక," అన్నాడు దొరస్వామి. అంతకంటే మెత్తగా మాట్లాడటం ఆయనకు రాదు.

మేరి ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "అప్పాకు చెప్పాల," అంది.

బాలసుందరం తన గదిలోంచి వచ్చాడు. సంగతి విని, మేరి తలమీద చెయ్యి పెట్టాడు.  "నా బిడ్డలాంటిదాన్ని స్టేషన్లో కూచోబెట్టినారు. నిన్నటినుంచి ఏం తినిందో ఏమో. పెరంబూరే గదా సార్, నేనే కార్లో దింపి, వాళ్ళ నాయనకు నా చేతులతో అప్పజెప్పొస్తా."

మేరి యతిరాజులు వైపు చూసింది, అడుగుతున్నట్టు.

"పోమ్మా," అన్నాడు యతిరాజులు. "ఇంటికి పోయి ఇంత తిని పడుకో."

కింద కారు తలుపులు మూసుకున్న చప్పుడు వినిపించింది.

* * *

దొరస్వామికి ఇప్పుడు ఆ పట్టీ ప్రాణమైపోయింది. "ఇదంతా టేపులోకి ఎక్కించి ఇయ్యమ్మా. కోర్టుకు కావాల."

"ఇస్తా సార్. పదిన్నర దాటనీండి," అంది కోకిల.

"ఇప్పుడేం కష్టం?"

"టేపు లోపలి గదిలో పెట్టాల సార్. శనివారం గదా, తొమ్మిది నుంచి పదిన్నర రాహుకాలం. ఈడ కూచోని టైపు చేస్తే పరవాలేదు గానీ, లోపల మీట ముట్టుకోను."

"పోలీసు అడిగితే రాహుకాలం చెప్తావా?"

"నేను పెట్టిన రూలా సార్? ఓనర్ సారే పెట్టినాడు. మిషను దింపిన్నాడే చెప్పేసినాడు, రాహుకాలంలో లోపల ఏది వెయ్యాలన్నా తియ్యాలన్నా మేరినే పోవాలని. ఆమెకు ఈ పట్టింపు లేదు గదా. నేను పోను, వరదరాజులు సారూ పోడు. ఎప్పుడూ మేరినే. అందుకే గదా నిన్న నేను నిశ్చింతగా దుర్గమ్మకు నిమ్మకాయ దీపం పెట్టను గుడికి పోయినా..."

కోకిల మాట మధ్యలోనే ఆపేసింది. యతిరాజులు ముఖం చూసి ఆపేసింది.

శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. అతని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. కోటా ఆన్ కావాలని ముందే పెట్టిన టైము పదకొండు. రోజంతా ఖాళీగా ఉండగా, ఏరి కోరి పదకొండు. ఆ వేళ ఈ ఆఫీసులో లోపలికి పోయేది ఎవరో తెలిసినవాడు పెట్టిన టైము అది. వరండాలో నిలబడ్డవాడు విన్నది తలుపు చప్పుడే. లోపల ఎవరున్నారో చూడలేదు. చూడక్కర్లేదు అనుకున్నాడు.

ఉపవాసం పిల్ల కళ్ళు తిరిగి పడుతుందని ఒక మనిషి తన నియమం తప్పుతాడని వాడి లెక్కలో లేదు.

"దొరా," అన్నాడు యతిరాజులు.  "ఆ పిల్ల ఎర కాదు. వాడు చంపాలనుకున్నది ఆ పిల్లనే."

"ఏంది నువ్వనేది?"

"రాత్రి స్టేషన్లో ఆ పిల్ల ఇంకేం చెప్పింది? నువ్వు రాసుకోనిది. గుర్తు తెచ్చుకో."

దొరస్వామి ఎప్పటిలా ఎదురు తిరగలేదు. "ఏదో మందుల గోల. పోయిన సంవత్సరం కాలం చెల్లిపోయినాయి, పారేసినాం అని తన చేతులతోనే ఎక్కించిన పెట్టెలు, అవే నంబర్లతో, కొత్త తేదీలతో మళ్ళీ స్టాకులోకి వచ్చినాయంట. టైపింగులో తప్పేమో చూడండని బుధవారం చెప్పిందంట. హత్యకేసులో ఈ మందుల గొడవ ఎందుకని నేను..."

"ఎవరికి చెప్పింది?"

"ఓనరుకు."

యతిరాజులు కోకిల వైపు తిరిగాడు. "ఆ గోడౌను ఎవరిది?"

"మాధవరంలో ఉంది సార్. ఓనర్ సార్ బామ్మర్దిది."

కింద కాఫీ తాగుతున్నవాడు సందులోని ఇనుప మెట్లు ఎక్కి వస్తే చూసేవాళ్ళెవరు? బాలసుందరం ఏడుపు నిజమైనదే. దాంట్లో పొరపాటు లేదు. పొరపాటు యతిరాజులుది. స్నేహితుడి కోసం ఏడ్చేవాడు స్నేహితుణ్ణి చంపి ఉండడనుకున్నాడు. ఒకరి కోసం తవ్విన గుంతలో ప్రాణస్నేహితుణ్ణి పూడ్చుకున్నవాడు కూడా అలాగే ఏడుస్తాడని తోచలేదు. ఇప్పుడు ఆ స్నేహితుడి చావు కూడా ఆ పిల్ల నెత్తినే వేసి ఉంటాడు మనసులో. పిడి లాగిన చేత్తోనే తల నిమిరాడు.

పోమ్మా అని పంపింది తనే.

దొరస్వామి అప్పటికే ఫోన్ అందుకుని కారు నంబరు చెప్పమని కోకిలమీద అరుస్తున్నాడు. యతిరాజులు మెట్లవైపు పరుగెత్తాడు. రెండేసి మెట్లు దూకుతూ సగం దిగేసరికి, కిందనుంచి రొప్పుతూ ఎక్కివస్తున్న మనిషి ఎదురయ్యాడు. నూనె మరకల చొక్కా. చేతిలో టిఫిన్ క్యారియరు. ముఖంలో నిన్నటినుంచి లేని నవ్వు.

సవరిముత్తు.

"సార్!" అని రెండు చేతులూ జోడించబోతే క్యారియరు అడ్డమొచ్చింది. "మీ కడుపు చల్లగుండ. ఓనరయ్య వర్క్‌షాపుకు ఫోన్ చేసినాడు సార్. 'నీ బిడ్డను వదిలేస్తా ఉన్నారు, ఆఫీసుకే వచ్చి తీసకపో, ఈడనే నీకు అప్పజెప్తా' అన్నాడు. పర్మిషన్ అడిగి పరిగెత్తుకొస్తా ఉన్న్యా."

"ఎప్పుడు చేసినాడు?"

"అరగంట అయివుంటుంది సార్."

అరగంట. బాలసుందరం కళ్ళు కడుక్కొస్తానని గదిలోకి పోయిన వేళ. మేరి ఇంకా కానిస్టేబుళ్ళ మధ్యే ఉంది అప్పటికి. పెరంబూరులో తండ్రికి అప్పజెప్తానన్నవాడు ఆ తండ్రిని ముందే ఇక్కడికి రప్పించాడు.

"మీ ఇంట్లో ఎవరున్నారు ఇప్పుడు?"

"ఎవురుంటారు సార్? నేనూ నా బిడ్డా తప్ప?" సవరిముత్తు నవ్వుతూనే జేబు తడిమి తాళంచెవి బయటికి తీసి చూపించాడు. "తాళం వేసి పొద్దున్నే డ్యూటీకి పోయినా. ఉండేది ఇదొక్కటే. ఏదీ సార్, మేరి పైనుందా?"